పెద్దమ్మ దాచమన్న జొన్నకంకులు

ఈ మధ్య సాయంత్రం ఆరు దాటిందంటే చాలు, గుడ్డసంచి పట్టుకుని హన్మకొండ రోడ్డు మీద ఉంటున్నాను. షుగరు ముదిరింది, రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తినండి అని డాక్టరమ్మ చెప్పింది. మా వీధి మలుపు నుంచి పెద్దరోడ్డు దాకా కట్టెల పొయ్యిలు పెట్టుకుని ఆడవాళ్లు రొట్టెలు కొడుతుంటారు. అక్కడ వరుసలో నిలబడేది ఇంచుమించు నాలాంటి వాళ్లే. రిటైరైన గుమాస్తాలు, బ్యాంకు వాళ్లు, బడిపంతుళ్లు. చిన్నప్పుడు జొన్నరొట్టె తిని పెరిగామని చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఉద్యోగం రాగానే సన్నబియ్యానికి మారి, ముప్పయ్యేళ్లు ఆ అన్నమే మూడుపూటలా తిని, ఇప్పుడు అదే రొట్టె కోసం వంతు ఎప్పుడొస్తుందా అని మెడలు సాచి చూస్తున్న వాళ్లం. మొన్న నా వంతు వచ్చినప్పుడు ఊరికే అడిగాను, పజ్జొన్న రొట్టె, అదే పసుపురంగు పచ్చజొన్నది, చేయవా తల్లీ అని. పెనం మీది రొట్టె తిప్పుతూ ఆమె నవ్వింది. "పజ్జొన్నలా సారూ? ఎప్పుడన్న మార్కెట్ల కనబడ్తయి. గని అందరు తెల్లగుంటెనే తింటాన్రు. ఎందుకు, మీ ఇంట్ల పండిచ్చేటోళ్లా?" అంది. అవునన్నాను. ఎవరు పండించేవారని ఆమె మళ్లీ అడుగుతుందేమోనని రొట్టెలు సంచిలో వేసుకుని గబగబా వచ్చేశాను. ఆ రాత్రి సగం రొట్టె కంచంలోనే మిగిలింది.

పండించేది మా పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క. వర్ధన్నపేటలో బస్సు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి నడిస్తే వాళ్ల ఊరు. పెద్దనాయన చాలా ముందే పోయాడు. ఒక్క కొడుకు, నాకు అన్న వరస. మూడెకరాల మెట్ట చెలక. పెద్దమ్మ గురించి చెప్పేటప్పుడు ఆమెను దేవతను చేయకూడదని నాకు గట్టి పట్టుదల ఉంది, ఎందుకంటే ఆమె వింటే నన్నే తిడుతుంది. నోరు మంచిది కాదు. కోడలితో రోజుకు రెండు జగడాలు పెట్టుకోకపోతే ఆమెకు తిన్నది అరిగేది కాదు. ప్రకృతి, పర్యావరణం అంటే ఆమెకేమీ భక్తి లేదు. ప్లాస్టిక్ కవర్లు కుప్ప పోసి వాటితోనే పొయ్యి అంటించేది. నేను ఒకసారి, పెద్దమ్మా ఆ పొగ విషం, పీల్చకూడదు అంటే, "నీ బడిల జెప్పుకో. నాకు తొందర్గ అంటుకుంటాంది, గంతే" అంది. నేను హైస్కూల్లో సైన్సు పంతులును. పునరుత్పాదక వనరులు, ఆహారపు గొలుసు, జీవవైవిధ్యం అని బల్ల మీద వేలితో కొడుతూ పిల్లలతో చెప్పించేవాణ్ని. రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి. ఇది పరీక్షలో తప్పకుండా వచ్చే నాలుగు మార్కుల ప్రశ్న. నా పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. అందులో నాకు చాలా పేరుండేది.

అన్న ఆ మూడెకరాల్లో పత్తి వేసేవాడు. ఊరంతా పత్తే. దసరా దాటితే మా వైపు చెలకలన్నీ తెల్లబడి, ఎటు చూసినా పత్తి ఏరే ఆడవాళ్ల నడుములే కనపడేవి. ఆ పత్తి అంచున, పడమటి గట్టు పక్కన, ఆరు సాళ్లు మాత్రం పెద్దమ్మవి. అందులో ఆమె జొన్న వేసేది. మార్కెట్లో దొరికే పచ్చజొన్న కాదు అది. గింజ పసుపుకొమ్ము రంగు, పొట్టు నలుపు. మనిషి కంటే ఎత్తు పెరిగి, కంకి వచ్చేసరికి మెడ కిందికి వంచేది. అలా వంచిన కంకి మీద పిట్టకు కాలు నిలవదు, ఎంత ప్రయత్నించినా జారుతుంది. అందుకే దానికి కావలి అంతగా అక్కర్లేదు. ఆ రకానికి పేరు కూడా లేదు. ఊళ్లో వాళ్లు దాన్ని 'వాళ్లింటి జొన్న' అనేవారు, మేము 'మనింటి జొన్న' అనేవాళ్లం. పెద్దమ్మకు దాన్ని ఆమె అత్త ఇచ్చింది. ఆ అత్తకు ఆమె అత్త. అంతకు ముందు ఎవరో పెద్దమ్మకు తెలియదు. తెలియనివాళ్ల గురించి ఊహించి చెప్పే అలవాటు కూడా ఆమెకు లేదు.

దాని రొట్టె గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. పిండిలో వేడినీళ్లు పోసి పిసుకుతుంటేనే ఒక తియ్యటి వాసన వచ్చేది. పెనం మీద పొంగినప్పుడు అంచులు కాస్త ఎర్రబడేవి. పొద్దున మిగిలిన ముక్క మీద పచ్చిపులుసు పోసుకుని తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకు రాదు. రవ్వ పట్టించి గట్క వండితే ఇల్లంతా పసుపు వెలుగు పరుచుకున్నట్టు ఉండేది, పెద్దమ్మ ఆ గట్కలో మధ్యన గుంట చేసి మజ్జిగ పోసేది. మా అన్నకు మాత్రం అదంతా విసుగు. "ఆరు సాళ్లల్ల పత్తి ఏస్తె ఇంకో బస్తా ఎల్తది తమ్మీ. మా అమ్మకు జెప్పు జర. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇంటది" అనేవాడు నాతో. నేను చెప్పేవాణ్ని కాదు. అక్కడికి నేనేదో గొప్ప పర్యావరణ పరిరక్షకుణ్ని అన్నట్టు మీసం మీద చెయ్యి వేసుకుని, అన్నా ఉండనియ్యి, అది జన్యు సంపద అనేవాణ్ని. అన్న నా వంక జాలిగా చూసి బీడీ వెలిగించుకునేవాడు.

ఆ జొన్న విత్తనం విషయంలో ఒక పద్ధతి ఉండేది. కోతకు ముందే పెద్దమ్మ సాళ్ల మధ్యకు పోయి, గట్టు పక్కవి వదిలేసి, నడిమి మొక్కల్లోంచి మంచి కంకులు ఏరి తెంపేది. ఒక నలభై దాకా. వాటిని రెండు కట్టలు కట్టేది. ఒక కట్ట తన వంటింట్లో పొయ్యికి పైన దూలానికి వేలాడేది, పొగ తగిలి పురుగు పట్టకుండా. రెండో కట్ట ఆ ఇంట్లో ఉండకూడదు. వేరే ఇంట్లో, వీలైతే వేరే ఊళ్లో ఉండాలి. ఇల్లు అంటుకోవచ్చు, ఎలుకలు పడవచ్చు, వరద రావచ్చు, ఏదైనా కావచ్చు. ఏం జరిగినా రెండు ఇళ్లకూ ఒకేసారి జరగదు కదా అని. మిరుగంలో, అంటే మృగశిర కార్తెలో తొలకరి పడగానే, పెద్దమ్మ తన కట్ట రాల్చి విత్తుకునేది. మొలక బాగా వచ్చి మోకాలెత్తు పెరిగాక రెండో ఇంటికి కబురు వచ్చేది, "ఇగ తినున్రి" అని. అప్పుడు ఆ ఇంటివాళ్లు దాచిన కట్ట రాల్చుకుని, పిండి పట్టించుకుని తినవచ్చు. చలికాలానికి కొత్త కట్ట వచ్చేది. మొలక రాకపోతే మాత్రం రెండో కట్ట వాపసు పోవాలి. ఆ రెండో ఇల్లు మా అమ్మది. అమ్మకు పెళ్లయిన నాటి నుంచీ. అక్కాచెల్లెళ్లు మిగతా విషయాల్లో ఒకరినొకరు ఓర్చుకునేవారు కాదు. ఒక పెళ్లిలో పెట్టుపోతల దగ్గర మాట పెరిగి మూడేళ్లు మాట్లాడుకోలేదు. ఆ మూడేళ్లూ కూడా కంకుల కట్ట ఎవరో ఒకరి చేతికిచ్చి పంపడం, అమ్మ దాన్ని దులిపి వేలాడదీయడం మాత్రం ఆగలేదు.

అమ్మ పోయిన ఏడు చలికాలంలో పెద్దమ్మ బస్సెక్కి హన్మకొండ వచ్చింది. కొంగు కింద పాత చీర పేలికలో చుట్టిన కట్ట. "ఇగ నువ్వే ఉంచాలె బిడ్డా" అంది. అద్దె ఇల్లు, రెండో అంతస్తు. ఎక్కడ వేలాడదీయాలో ఇల్లంతా తిరిగి చూసింది. బాల్కనీలో పావురాలు. వంటింట్లో గ్యాసు పొయ్యి. "పొగ రాని పొయ్యి ఏం పొయ్యిరా ఇది?" అని దాని వంక అనుమానంగా చూసింది. పొగ రాని పొయ్యి గొప్పదని నేను అప్పటికి పదేళ్లుగా పాఠం చెబుతున్నాను. చివరికి వంటింటి సజ్జ కింద కొక్కేనికి కట్టి, చుట్టూ వేపాకు దూర్చి, వారానికోసారి ఎండకు పెట్టమని నా భార్యకు అప్పగించి పోయింది. నా భార్య మా ఇంట్లో నాకంటే బాధ్యత గల మనిషి. ఆమె పెట్టింది. అలా ఏడెనిమిదేళ్లు గడిచాయి. ప్రతి వానాకాలం "ఇగ తినున్రి" అని ఫోను వచ్చేది, మేము తినేవాళ్లం. ఒక్కసారి కూడా ఆమె రెండో కట్ట వాపసు అడగలేదు. నేను చేసిన దానికి ఇదొక కారణమని కొన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. కారణం కాదు, సాకు.

జిల్లా సైన్సు ప్రదర్శనకు ప్రతి పంతులూ ఒక నమూనా తయారు చేయించాలని ఆ ఏడు మా హెడ్మాస్టరు గట్టిగా చెప్పాడు. అంశం పర్యావరణం. అందరూ థర్మోకోల్‌తో ఫ్యాక్టరీలు, దూదితో పొగ చేస్తున్నారు. నాకు ఒక ఆలోచన తట్టింది, అది తట్టిన క్షణంలో కలిగిన గర్వం ఇప్పటికీ గుర్తుంది. విత్తనాలతో భూగోళం. నాలుగడుగుల ప్లైవుడ్ పలక మీద గుండ్రంగా భూమి. సముద్రాలకు పెసలు, తీరాలకు ఆవాలు, కింద పేరు రాయడానికి ఎర్ర బొబ్బర్లు. పిల్లలు ఇళ్ల నుంచి అన్నీ తెచ్చారు. ఖండాలకు పసుపు రంగు గింజ కావాలి. శనగపప్పు పెడదామని ఎవరో అన్నారు. నేను ఒప్పుకోలేదు. పప్పు అంటే పగిలిన బద్ద, అది విత్తనం కాదు, మన భూమి మీద మొలకెత్తగలిగిందే ఉండాలి, ప్రాణం ఉన్నదే ఉండాలి అని క్లాసులో చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఇచ్చి, ఆదివారం పలకను ఇంటికి తెచ్చుకుని, సజ్జ కింద కొక్కేనికున్న కట్ట కిందికి దించాను.

నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడి చూసింది. "అవి పెద్దత్తమ్మ ఇత్తనాలు గదా" అంది. రెండు కంకులు తీస్తే ఏమవుతుంది అన్నాను. "అడగరాదు ఒకపారి? ఫోన్ జెయ్యున్రి" అంది. ఇన్నేళ్లలో ఒక్కసారన్నా వాపసు అడిగిందా అని నేనే ఎదురు అడిగాను. ఆమె లోపలికి పోయింది. నేను నిజంగా రెండే తీద్దామనుకున్నాను. దక్షిణ అమెరికా, ఆఫ్రికా మూడు కంకులతో అయిపోయాయి. యూరపుకు ఒకటి చాలు అనుకుంటే రెండు పట్టాయి. ఆసియా ఎంత పెద్దదో నాకు మ్యాపుల్లో తెలుసు గానీ జొన్నల్లో తెలియదు. సైబీరియా దగ్గరే ఐదు కంకులు పోయాయి. సగంలో ఆపి శనగపప్పు తెచ్చి చూస్తే రంగు కలవలేదు. మనదేశం దగ్గర గింజలు పలచగా ఉంటే బాగుండదని ఒత్తుగా అంటించాను. ఆస్ట్రేలియా పూర్తయ్యేసరికి దారానికి రెండు కంకులు మిగిలాయి. పొద్దు వాలేవేళకు గింజలు రాలిపోకుండా, పురుగు పట్టకుండా పైనంతా వార్నిష్ పూశాను. ఆరాక ఇంకొక పూత. భూమి నిగనిగలాడింది. కింద బొబ్బర్లతో 'సుస్థిరాభివృద్ధి' అని రాశాను.

ప్రదర్శనలో మా బల్ల దగ్గర జనం ఆగారు. మిగిలిన రెండు కంకులూ పక్కన పళ్లెంలో పెట్టాను, వచ్చినవాళ్లంతా చేతుల్లోకి తీసుకుని చూసి, నలిపి, గింజలు నోట్లో వేసుకుని పోయారు. ఒక పెద్దాఫీసరు వచ్చి, ఈ పచ్చగింజ ఏం రకం అని అడిగాడు. దేశవాళీ రకం సార్, మా ఇంటిది, అంతరించిపోతున్నది అని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో బాధ లేదు, గర్వమే ఉంది. ఆయన నా భుజం తట్టాడు. రెండో బహుమతి వచ్చింది. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి స్టాఫ్‌రూంలో పెట్టారు. పలకను ల్యాబు గోడకు కొట్టారు.

ఆ ఏడు మిరుగం బాగా పడింది. పెద్దమ్మ తన కట్ట విత్తింది. నాలుగాకులు వచ్చాక వాన మొహం చాటేసింది. ఇరవై రోజులు మబ్బు పట్టడం, గాలి లేవడం, పోవడం. అన్న పత్తికి బోరు నీళ్లు పారించుకున్నాడు. జొన్న సాళ్ల దాకా పైపు చాలలేదట, లేదా చాలించలేదో, నేను అడగలేదు. ఆరుద్ర కార్తె చివర్లో ఒక జల్లు పడగానే పెద్దమ్మ మా గడపలో ప్రత్యక్షమైంది. చెప్పులు విడిచి, ఫ్యాను కింద నేల మీద కూర్చుని, టీ సాసర్లో పోసుకుని తాగి, అప్పుడు అడిగింది. "ఎండిపోయినయ్ బిడ్డా. ఒక్కటి మిగల్లె. తినే గింజలు గుడ ఎండకాలంలనే ఒడిసినయ్. కట్ట దియ్యి, మాపటి బస్సుకు పోత. నేల పదును ఆరకముందు ఇత్తుకోవాలె." నా భార్య నా మొహం వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను. బడిలో ఉన్నయ్ పెద్దమ్మా, పిల్లలకు చూపించడానికి తీసుకుపోయాను అన్నాను. పెద్దమ్మ మొహం వెలిగింది. "పిల్లలకు సూపెట్టినవా? మంచి పని. వాళ్లకు ఏం తెలుసు పాపం" అంది. అబద్ధం కాదు కదా అనుకున్నాను. ఆ సాయంత్రం బడి తాళం వేశారన్నాను. మర్నాడు అటెండరు రాలేదన్నాను. పదును ఆరిపోతుందని ఆమె రెండు రోజులూ బాల్కనీలో నిలబడి ఆకాశం చూసింది, పావురాలను తిట్టింది. మూడో రోజు పొద్దున నా భార్య, "మీరు పోతరా, నన్ను పొమ్మంటరా?" అంది. అప్పుడు ఆటోలో పలకను ఇంటికి తెచ్చాను.

గోడకు ఆనించి నిలబెట్టాను. పెద్దమ్మ దగ్గరికి వచ్చి వింతగా చూసింది. "ఏందిది? పొద్దా?" అంది. భూమి పెద్దమ్మా అన్నాను. భూమి అంత గుండ్రంగా ఉంటుందా అని నవ్వింది. తర్వాత చెయ్యి చాపి ఆఫ్రికా మీద వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగింది. గింజ మీద గోరుతో గీకి చూసుకుంది. "దీని మీద ఏం పూసినవ్?" అంది. వార్నిష్ అన్నాను. పాడైపోకుండా అని కూడా అన్నాను. ఆమె నా వంక చూసిన చూపులో కోపం ఇంకా లేదు, నేను వేరే భాషలో ఏదో చెప్పినట్టు, అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు ఉంది. "అన్ని గివేనా? కట్ట మొత్తం?" అంది. మొత్తం అన్నాను. ఆమె అక్కడే గోడకు చేరగిలబడింది. కొంచెం సేపటికి లేచి నా భార్యను కూరగాయల కత్తి అడిగింది.

రెండు రోజులు కూర్చున్నాం ముగ్గురం. కత్తితో, గోళ్లతో, వేడినీళ్లలో తడిపిన గుడ్డతో. వార్నిష్ పొర పెచ్చులుగా లేచేది, దాంతో పాటే గింజ తోలూ లేచేది. కొన్ని గింజలు రెండుగా చీలేవి. పెసల సముద్రం అంతా గచ్చు మీద చెల్లాచెదురైంది. పెద్దమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది, ఆమెకు నోరు లేక కాదు. గీకిన గింజల్ని మూడు నీళ్లలో కడిగి, గోనెపట్ట తడిపి, మధ్యలో పరిచి చుట్టింది. విత్తనం చూసుకునే పద్ధతి అదే. మంచి గింజైతే మూడో నాటికి తెల్లగా ముక్కు పొడుస్తుంది. మూడో నాడు విప్పితే గింజలు ఉబ్బి ఉన్నాయి. ఐదో నాడు పుల్లటి వాసన. ఏడో నాడు ఆమె ఒక్కొక్క గింజనూ వేలితో పక్కకు జరుపుకుంటూ పోయి, రెండింటిని దొరకబట్టింది. రెండిటికి తెల్లటి మొలక. అవి పలక అంచున, అంటార్కిటికా దగ్గర వార్నిష్ సరిగా తగలని చోటివై ఉంటాయి. వాటిని తడిగుడ్డలో పెట్టి, ఆ గుడ్డను స్టీలు టిఫిన్‌లో పెట్టి, ఒళ్లో పట్టుకుని బస్సెక్కింది. నేను కూడా వెంట వెళ్లాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా టిఫిన్ మూత మీంచి చెయ్యి తీయలేదు.

చేనులో కాక పెరట్లో, మురికినీళ్ల కాల్వకు అవతల, ఆమె కళ్ల ముందుండేట్టు పెట్టింది. కోళ్లు రాకుండా ముళ్లకంప కట్టింది. ప్రతి ఆదివారం నేను వర్ధన్నపేట బస్సెక్కేవాణ్ని. అంతకు ముందు ఏడాదికి ఒకసారి వెళ్లడానికి కూడా తీరిక లేదనేవాణ్ని. మొదటి ఆదివారం రెండూ ఉన్నాయి. రెండో ఆదివారం కూడా ఉన్నాయి, వేలెడు పెరిగాయి. అన్న కూడా వచ్చి చూసి, "బతుకుతయ్ తియ్ తమ్మీ, ఫికర్ జెయ్యకు" అన్నాడు. మా అన్న ధైర్యం చెప్పడంతో నాకు ఇంకా సిగ్గనిపించింది. అదును తప్పి వేసిన జొన్నకు మొవ్వు ఈగ పడుతుంది, దాని పురుగు నడిమి చిగురును తొలిచేస్తుంది. అది నేను పాఠాల్లో చెప్పింది కాదు, ఎక్కడో చదివిందీ కాదు, పెద్దమ్మ చెబితేనే తెలిసింది. మిరుగంలో వేస్తే ఈగ లేచేసరికి మొక్క గట్టిపడి ఉంటుందట. నెల ఆలస్యమైతే లేత మొవ్వు దానికి దొరుకుతుందట. ఆ నెలలో రెండు రోజులు నేను తాళం చెవి లేదని చెప్పినవి.

మూడో ఆదివారం నేను వెళ్లేసరికి పెద్దమ్మ కంప పక్కన గొంతుక్కూచుని ఉంది. రెండు మొక్కలకూ కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి, నడిమి మొవ్వు మాత్రం ఎండి గోధుమ రంగుకు తిరిగింది. ఆమె రెండు వేళ్లతో ఒక మొవ్వును పట్టుకుని పైకి లాగింది. ఏ మాత్రం బలం పెట్టకుండానే అది ఊడి చేతిలోకి వచ్చింది. కింద కుళ్లిన వాసన. రెండోదాన్ని లాగలేదు. చేతిలోని ఎండు మొవ్వును చూస్తూ, నా వంక తిరగకుండా అంది: "మీ అమ్మ సచ్చిపోయినప్పుడు పోయిందనుకోలే నేను. నీ ఇంటికి కట్ట తెచ్చిచ్చేటప్పుడు దానికే ఇచ్చినట్టు ఉండేది. ఇయ్యాల పోయింది మా చెల్లె." అని లేచి, చీర దులుపుకుని, నాకు టీ పెట్టడానికి లోపలికి పోయింది. నేను ఆ ముళ్లకంప దగ్గర ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు ఏడ్చినదానికంటే ఎక్కువే ఏడ్చాను. టీ తాగమని కోడలు వచ్చి పిలిచేదాకా అక్కడే ఉన్నాను.

తర్వాత నేను చేయగలిగిందంతా చేశాను. చేయాల్సిన సమయం దాటాక మనిషికి చాలా ఓపిక వస్తుంది. కేసముద్రం మార్కెట్ యార్డులో జొన్నలు దించే రైతులనల్లా అడిగాను, మెడ వంచే కంకి, నల్ల పొట్టు, ఎక్కడన్నా ఉందా అని. ఏటూరునాగారం వైపు అడవి ఊళ్లలో ఉండొచ్చని ఎవరో అంటే రెండు సెలవులు పెట్టి పోయాను. పచ్చజొన్న దొరికింది, నల్ల పొట్టుదీ దొరికింది. మెడ నిటారుగా ఉంది. రెండు కిలోలు పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి వెళితే, చేటలో పోసి, ఊది, గింజ కొరికి చూసింది. "మంచి జొన్నలే బిడ్డా. తింట. మనయి గావు" అంది. మర్నాడు పిండి పట్టించింది. ఆ వచ్చే వానాకాలం పడమటి గట్టు పక్కన ఆరు సాళ్లలో అన్న పత్తి గింజ పెట్టాడు. ఆమెను అడిగే పెట్టాడు. ఆమె సరే అంది.

ఆమె ఇంకా ఆరేళ్లు బతికింది. నాతో బాగానే ఉంది. ఎప్పటిలాగే తిట్టింది, నవ్వింది, మా పిల్లల పెళ్లిళ్లలో పాటలు పాడింది. హన్మకొండ వచ్చినప్పుడల్లా సంచిలోంచి మామిడి తొక్కు, చింతపండు, నువ్వులు తీసి ఇచ్చేది. తినమని ఇచ్చేది. దాచమని మాత్రం మళ్లీ ఏమీ ఇవ్వలేదు. ఉద్యోగం చివరిదాకా నేను ఆ నాలుగు మార్కుల ప్రశ్న చెబుతూనే వచ్చాను. పిల్లలు మునుపటిలాగే అప్పజెప్పేవారు. నేను మాత్రం బల్ల మీద వేలితో కొట్టడం మానేశాను.

పెద్దమ్మ అత్త, ఆమె అత్త, ఇంకా వెనక పేరు తెలియని ఆడవాళ్లు, కరువుల్లో, కలరాల్లో, పురుళ్ల మధ్య, చావుల మధ్య, ఒక్క ఏడు కూడా తప్పకుండా ఆ కంకుల్ని రెండు కట్టలు కట్టి రెండు ఇళ్లలో పెట్టారు. ఒక విత్తనం బతకాలంటే అలా ప్రతి ఏడూ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. అది పోవడానికి ఒక్క ఏడు చాలు, ఆ ఏడు నా వంతుకు వచ్చింది.